మొదటి సాలార్ జంగు: శిస్తును చక్కదిద్దిన దివాను

హైదరాబాదు చూచి వచ్చిన విద్యార్థులను సాలార్ జంగు ఎవరని అడిగినచో, మూసీ ఒడ్డున గల ప్రదర్శనశాలను వర్ణించి చెప్పుదురు. గంటలు కొట్టు గడియారమును, పలుచని మేలిముసుగులో నుండి ముఖము కనబడుచుండు రెబెక్కా పాలరాతి విగ్రహమును తలచుకొందురు. నా తరగతిలోను ఏటేటా ఇదియే సమాధానము వచ్చుచున్నది. అది తప్పు కాదు గాని, అందు తాతను మనుమనిని కలిపివేయుట కలదు. ఆ వస్తువులలో పెద్ద భాగమును కూడబెట్టిన యూసుఫ్ అలీఖాను మూడవ సాలార్ జంగు. ఆయన తాత మీర్ తురాబ్ అలీఖాను మొదటి సాలార్ జంగు. రెబెక్కా విగ్రహమును 1876లో రోము నగరమున కొన్నది ఈ తాతగారే. అయితే ఆయన మనకు విడిచిపోయిన ముఖ్యవస్తువు ఏ గాజుబీరువాలోను లేదు. జిల్లా, తాలూకా, జమాబందీ, కిస్తు అను మాటలు పల్లెలోని రైతు నోట నేటికిని పలుకుచున్నవి. ఆ మాటల వెనుక నిలిచిన యంత్రాంగమును తెలంగాణమున కుదురుపరచినవాడు ఆయనయే. ఆయన చరిత్రను ఉత్తర తెలంగాణమున నిలబడి చూచినప్పుడు, సర్కారు పన్ను వసూలు చేయు తీరును, ఆ సొమ్మును ఖర్చుపెట్టు తీరును ఒక దేశపు బ్రతుకును ఎట్లు మలచునో స్పష్టముగా తెలియును.

కరీంనగరము నుండి సిరిసిల్లకు పోవు త్రోవలో, మానేటి చెంత ఒక గుట్టపై ఎలగందుల కోట కలదు. పట్టి ఊపినచో కదలునని చెప్పుకొను జంట మీనారులను చూచుటకు పిల్లలను తీసికొని ఉపాధ్యాయులు అక్కడికి పోవుచుందురు. 1905 వరకు మన కరీంనగరము జిల్లా పేరు ఎలగందుల జిల్లాయే. గోదావరికి ఆవల సిర్పూరు, తాండూరుల పేర ఒక అడవిసీమ ఉండెను; అది పిమ్మట ఆదిలాబాదు జిల్లా అయినది. ఈ రెండు సీమలలో చెరువు క్రింద వరి పండించిన కాపునకును, అడవి నరికి జొన్న చల్లిన గోండునకును దూరపు హైదరాబాదు కోటలోని లెక్కల పుస్తకముతో ముడి పడినది సాలార్ జంగు కాలముననే.

మీర్ తురాబ్ అలీఖాను 1829 జనవరి 21వ తేదీన బిజాపురమున జన్మించెను. దివానుల వంశము వారిది. ముత్తాత మీర్ ఆలం, తాత మునీరుల్ ముల్కు, పినతండ్రి వరుసవాడైన సిరాజుల్ ముల్కు ముగ్గురును నైజాము కొలువున దివానులే. తండ్రి చిన్ననాడే పోవుటచే బాలుడు తాతయొద్దను, పిదప సిరాజుల్ ముల్కు యొద్దను పెరిగెను. ఇంటి జాగీరులు అప్పులలో చిక్కియుండెను. పేరు పెద్దది, పెట్టె ఖాళీ. ఇంటిలో చూచిన ఈ సంగతినే ఆయన తరువాత రాజ్యమంతటను చూచెను.

రాజ్యపు అప్పు సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. అది తెలియనిదే ఆయన చేసిన పని యొక్క విలువ బోధపడదు. 1808 మొదలు 1843 వరకు హైదరాబాదు పరిపాలనమున చక్రము త్రిప్పినవాడు చందూలాలు. ఆయన దాతృత్వమును గూర్చిన కథలు హైదరాబాదున ఇప్పటికిని చెప్పుదురు. కాని దానము చేసిన చేయియే అప్పు పత్రములపై దస్కతు చేసిన చేయి. సైన్యమునకు జీతములు చాలవు, దర్బారు ఖర్చు తగ్గదు, ఇంగ్లీషువారి అధికారుల క్రింద నడచు కంటింజెంటు సేనకు నెలనెలా రొక్కము పంపవలెను. అందుకై పామరు కంపెనీ అను వర్తక సంస్థ యొద్ద నూటికి ఏటికి 24 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిరి. ఆ అప్పు తీర్చుటకు మరియొక ఉపాయము పన్నిరి. ఉత్తర సర్కారుల నిమిత్తము ఈస్టిండియా కంపెనీ నైజామునకు ఏటేటా 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లించుచుండెను. ఆ శాశ్వతపు రాబడిని 1823లో దాదాపు 1 కోటి 16 లక్షల రూపాయలకు ఒక్కసారిగా వదులుకొనిరి. నడుచుచున్న కాలువను అమ్మి ఒక కడవ నీరు కొనుక్కొన్నట్లయినది. ఆ సొమ్ము పాత బాకీలకు పోయెను, కొత్త బాకీలు మరల పెరిగెను.

అప్పు ఇచ్చినవాడు హామీ అడుగును. సర్కారు యొద్ద హామీగా పెట్టదగినది ఒక్కటే: రైతు ఇచ్చు శిస్తు. కనుక తాలూకాల శిస్తు వసూలును గుత్తకు ఇచ్చిరి. జీతబాకీ పడిన అరబ్బు జమేదారులకును, రొహిల్లా నాయకులకును, నగరపు సాహుకారులకును తాలూకాలను ఒప్పగించిరి. ఈ గుత్త పద్ధతి ఊరిలో ఎట్లు పనిచేసెనో ఒక ఊహతో చూతము. ఒకడు ఒక తాలూకాను ఏడాదికి లక్ష రూపాయలకు పాడుకొనెను అనుకొనుడు. ఆ లక్షలో చాలభాగము వానికి వడ్డీకి వచ్చినదే. మరుసటి ఏడు ఆ తాలూకా వాని చేతిలో ఉండునో, ఎక్కువ పాడిన మరియొకనికి పోవునో తెలియదు. కోతకాలమున మధ్యలోనే గుత్త చేయి మారుటయు కలదు; అప్పుడు పాతవాడొకసారి, కొత్తవాడొకసారి అదే రైతును పట్టుదురు. అట్టివాడు రైతును పిండుకొనును గాని కాపాడడు. క్రూరుడగుట చేతనే అట్లు చేయుననుట సరికాదు. గడువు అతనిని అట్లు చేయించును.

చెరువును చూచిన ఇది మరింత తెలియును. మన సీమ చెరువులనే నమ్ముకొన్నది. కాకతీయుల నాటి నుండి వచ్చిన కట్టలకు ఏటేటా మట్టి పోయవలెను, తూములు సరిచూడవలెను, అలుగులు కట్టవలెను. ఈ ఏడు కట్టకు పెట్టిన ఖర్చు మూడేండ్లకో నాలుగేండ్లకో పంటగా తిరిగి వచ్చును. ఏడాది గుత్తదారునకు దానితో పని యేమి? చెరువు బాగుచేసినవానికి దాని క్రింది శిస్తులో కొంత విడిచిపెట్టు దస్తబందు ఏర్పాటు తెలంగాణమున పూర్వము నుండియు కలదు. కాని శిస్తు ఎవనిదో నిలుకడ లేని చోట, అందులో భాగమిత్తునను మాటకు విలువ ఎక్కడిది? కట్ట తెగును, పొలము బీడుపడును, రైతు ఊరు విడుచును. రైతు ఊరు విడిచిన శిస్తు తగ్గును. శిస్తు తగ్గిన సర్కారు మరల అప్పునకు పోవును. ఈ గానుగ త్రిప్పుడులో ఒక తరము గడచిపోయెను.

తురాబ్ అలీఖాను పద్దెనిమిదేండ్ల ప్రాయమున, 1847లో, ఖమ్మము సీమకు తాలూక్దారుగా నియమింపబడి కొద్ది నెలలు పనిచేసెను. అంతకు ముందు నైజాము కొలువున డైటన్ అను ఇంగ్లీషువాడు అక్కడి తాలూకాలలో గుత్తదారుల జోక్యము లేకుండ వసూలు నడుపు తీరును చూపియుండెను. యువకుడు ఆ లెక్కలను శ్రద్ధగా నేర్చెను. చదువులో ఆయనకు పారశీకము, అరబ్బీ ఉండెను, ఇంగ్లీషు కొంత కుదిరెను. కాని ఆయనకు నిజమైన బడి ఈ కొద్ది నెలల ఉద్యోగమే అని నా అభిప్రాయము.

1853 మే 21వ తేదీన నైజాము నాసిరుద్దౌలా కంపెనీవారితో ఒక సంధి చేసికొనవలసి వచ్చెను. కంటింజెంటు సేన జీతబాకీల క్రింద బేరారును, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గము ప్రాంతమును కంపెనీ పాలనకు ఒప్పగించెను. పత్తి పండు సారవంతమైన నేల అంతయు ఖర్చుకు తగిన లెక్క లేకపోవుటచే చేజారినది. సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ ముల్కు మరణించెను. మే 31వ తేదీన ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖాను దివాను అయ్యెను. ఖజానాలో రొక్కము లేదు, ఉన్న తాలూకాలు తాకట్టులో ఉన్నవి, నైజాము రత్నాభరణములు కూడ హాలెండు దేశమునకు కుదువ పోయియున్నవి. బేరారు పోయినది.

కొత్త దివాను మొట్టమొదట ఏమి చేసెనో గమనింపవలెను. శిస్తు పెంచలేదు. పెంచినను అది తనకు చేరదని ఆయన ఎరుగును. ఆయన చేయి మొదట ఖర్చుపై పడెను. దర్బారులో పనిలేని జీతములను కొంతమేర కోసెను. మిగిలిన జీతములను వేళకు చెల్లించుటకు మార్గము చూచెను. ఇది పైకి చిన్న సంగతి. కాని సిపాయికి జీతము వేళకు అందినచో వాని నాయకునకు తాలూకాను తాకట్టు పెట్టవలసిన పని తప్పును. తక్కువ వడ్డీకి నమ్మకముతో అప్పు తెచ్చి, ఎక్కువ వడ్డీ బాకీలు తీర్చి, అరబ్బుల చేతిలోని తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించెను. రత్నములు తిరిగి వచ్చెను. 1855లో నగరమున కేంద్ర ఖజానా ఏర్పడెను. విడిపించిన తాలూకాలకు గుత్తదారులను గాక, నెలజీతపు తాలూక్దారులను పంపెను. రైతు ఎంత ఇచ్చినను తన జీతము మారని అధికారి ఊరికి వచ్చుట తెలంగాణపు పల్లెకు కొత్త.

నగరమున ఖర్చు చక్కబడనిదే పల్లెలో పన్ను చక్కబడదని ఆ యువకుడు గ్రహించెను. అర్థశాస్త్ర గ్రంథము చదివి గ్రహించెనని కాదు. అప్పుల ఇంటిలో పెరిగినవానికి అది తెలిసిన విద్య.

1857వ సంవత్సరము వచ్చెను. నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలాఉద్దీన్ల నాయకత్వమున జనము కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేసిరి. దివాను కంపెనీ పక్షముననే నిలిచెను. ఈ నిర్ణయమును మెచ్చుకొనువారును కలరు, క్షమింపనివారును కలరు. తుర్రేబాజ్ ఖానును వీరునిగా తలచు నేటి విద్యార్థికి సాలార్ జంగు సంశయాస్పదుడుగా కనబడుట సహజము. దానిని మాపుటకు నేను ప్రయత్నింపను. లెక్కలో మాత్రము ఫలితమిది: 1860 సంధిలో 50 లక్షల రూపాయల అప్పు కొట్టివేయబడెను, రాయచూరు అంతర్వేదియు నల్దుర్గమును తిరిగి వచ్చెను, సురపురము సంస్థానము చేరెను. బేరారు రాలేదు. నగరమున ఆయనపై కోపము మాత్రము చల్లారలేదు. 1859లో ఒకసారి, 1868లో మరియొకసారి ఆయన ప్రాణముపైకి వచ్చిరి. రెండవసారి పట్టుబడిన వానికి మరణశిక్ష తగ్గింపుమని ఆయన స్వయముగా వేడుకొనెను, నైజాము వినలేదు.

పన్ను రొక్కముగా కట్టవలెనన్నచో ముందు నాణెము ఒక్కటి కావలెను. ఆ కాలమున నారాయణపేటలో ఒక రూపాయి, గద్వాలలో ఒక రూపాయి, వనపర్తిలో ఒక రూపాయి, ఒకదానికొకటి సరిపడదు. సంతలో నిలుచున్న సరాఫు తూచి, గీచి, వట్టము పట్టుకొని ఇచ్చును. ఆ వట్టము ఎవరును విధింపని పన్ను. కాని ప్రతి రైతును అది చెల్లించినాడు. 1857 తరువాత మొగలు చక్రవర్తి పేరు తొలగించి, హైదరాబాదు టంకశాల నుండి హాలీ సిక్కా అను రూపాయిని వెలువరించిరి. నైజాముల్ ముల్కు ఆసఫ్ జా అను పేరును, 92 అను అంకెయు దానిపై ఉండెను. స్థానిక టంకశాలలు క్రమముగా మూతపడెను. మా తాతగారి తరమువారు హాలీ సిక్కాను, కల్దారు రూపాయిని వేరువేరుగా లెక్కపెట్టుట నేను చిన్నతనమున విన్న సంగతి; 1950ల దశకమున గాని ఆ నాణెము చలామణి నుండి పోలేదు. అట్లే ఘట్టము ఘట్టమున బండిని ఆపి పుచ్చుకొను దారి సుంకములను తొలగించి, వానికి బదులు సరుకు విలువపై నూటికి 5 వంతున సుంకము నిర్ణయించిరి.

ఈ పనులన్నియు చేసిన దివాను నగరము విడిచి పోలేదు. పోవుటకు వీలు లేదు. అఫ్జలుద్దౌలాకు ఆయనపై అనుమానము మెండు. ఊరి బయటి తోటలో విందు చేయవలెనన్నను, సైనిక కవాతు చూడవలెనన్నను ప్రభువు అనుమతి కావలెను. తన భవనముననే ఖైదీవలె ఉండి, ఒక పెద్ద దేశపు ప్రతి తాలూకా రాబడిని కాగితముపై చదివి గ్రహించెను. లోకములో ఎందరో పాలకులు గుఱ్ఱమెక్కి తిరిగి దేశమును తెలిసికొనిరి. ఈయన లెక్కపుస్తకమును చదివి తెలిసికొనెను. అందలి బలమును బలహీనతయు రెండును ఆయన పాలనలో కనబడును.

1865లో జిలాబందీ జరిగెను. దేశమును క్రమముగా ఐదు విభాగములుగా, 17 జిల్లాలుగా ఏర్పరచిరి. జిల్లాకు మొదటి తాలూక్దారు, ఆయన క్రింద రెండవ, మూడవ తాలూక్దారులు, తాలూకాకు తహశీల్దారు, ఊరికి పటేలు, పట్వారీ. జిల్లాకొక ఖజానా, న్యాయస్థానము, పోలీసు మొహతమీము. ఎలగందుల జిల్లా ఈ ఏర్పాటులోనిదే. 1872లో ఎదులాబాదు, రాజూరా, సిర్పూరు తాలూకాలను కలిపి సిర్పూరు తాండూరు ఉపజిల్లాను నెలకొల్పిరి. ఈ ఎదులాబాదే నేటి ఆదిలాబాదు. 1905లో ఎలగందుల నుండి లక్షెట్టిపేట, చెన్నూరు తాలూకాలను, ఇందూరు వైపు నుండి నిర్మల, నర్సాపూరు తాలూకాలను చేర్చి దానిని పూర్తి జిల్లా చేసిరి. 2016లో మన పాత జిల్లాలు జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల, ఆసిఫాబాదు మొదలగు జిల్లాలుగా విడిపోయినప్పుడు సరిహద్దులను గూర్చి ఊరూర తర్కము జరిగినది కదా; జిల్లా గీత ఎక్కడ పడునో అక్కడ ఖజానా, కచేరి, దారి, బడి పడునని జనమునకు తెలియును.

ఇక్కడ తెలుగు ఉపాధ్యాయునిగా ఒక మాట. రైతు, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తు, తకావి, ఇవి యన్నియు అరబ్బీ పారశీకములనుండి వచ్చిన మాటలే. పొలము దున్నువానిని పిలుచుటకు మనకు కాపు, సేద్యగాడు అను మాటలు ఉండగా, రైతు అను మాటయే నిలిచిపోయినది. దాని మూలార్థము ప్రజ, ఏలుబడిలోనివాడు అని. ఊరి లెక్కలు పట్వారీ తెలుగున వ్రాసెను. పై కచేరీలలో పారశీకము నడచెను, ఆయన మరణించిన పిమ్మట 1884లో దాని స్థానమున ఉర్దూ వచ్చెను. తన భూమి లెక్క పైకి పోయిన కొలది రైతుకు చదువరాని భాషలోనికి పోయెను. సాలార్ జంగు దీనిని లోపముగా తలచినట్లు కనబడదు.

అన్నిటికంటె పెద్ద మార్పు కల్లములో జరిగినది. అంతకుమున్ను తరి పొలములకు బటాయి పద్ధతి ఉండెను. పండిన ధాన్యమును సర్కారును రైతును పంచుకొందురు. వినుటకు న్యాయముగా తోచును. పంట తగ్గిన సర్కారు వంతును తగ్గును. కాని ఆచరణలో, పంపకమునకు అధికారి వచ్చువరకు రాసి కల్లములోనే ఉండవలెను. రాసిపై ముద్ర వేసి కావలివానిని పెట్టుదురు. కావలివానికి కూలి, కొలిచినవానికి పిడికిలి, వ్రాసినవానికి దోసిలి. అధికారి ఆలస్యమైనచో వాన వచ్చి గింజ మొలకెత్తుటయు కలదు. సాలార్ జంగు బటాయిని తొలగించి, భూమిని బట్టి రొక్కపు శిస్తును నిర్ణయించి, ఏ రైతు ఎంత కట్టవలెనో ఆ రైతు పేరనే వ్రాయించెను. 1870ల దశకము నడుమ నుండి భూమి కొలత, బందోబస్తు పని మొదలయ్యెను. ఉత్తర హిందూస్థానము నుండి రప్పించిన మెహదీ అలీ, అనగా మొహసినుల్ ముల్కు, ఆ శాఖను నడపినవారిలో ముఖ్యుడు.

రొక్కపు శిస్తుకు కాలము కూడ కలిసి వచ్చెను. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినందున ఇంగ్లండు మరమగ్గములకు అక్కడి పత్తి అందలేదు. దక్కను పత్తికి ధర లేచెను, దానితో ఇతర పంటల ధరయు పెరిగెను. చేతిలో రూపాయి ఆడుచున్నప్పుడు రూపాయి శిస్తు బరువనిపించలేదు. యుద్ధము ముగిసెను, ధర పడెను, శిస్తు పడలేదు. కిస్తు గడువు కోత వెంటనే వచ్చును. అందరును ఒక్కసారే ధాన్యము అమ్ముటచే ధర దిగును. కొరత పడిన దానికి సాహుకారు గడప త్రొక్కవలెను. పూర్వము సర్కారు అప్పులలో మునిగి రైతును పిండెను. ఇప్పుడు సర్కారు అప్పులనుండి బయటపడెను, సర్కారుకు వేళకు కట్టుటకై రైతు అప్పులలో దిగెను. అయినను గుత్త కాలముతో పోల్చినచో ఒక మేలు నిశ్చయము: ఎంత కట్టవలెనో ముందుగా తెలిసెను. కట్టగా మిగిలినది తనదని తెలిసినవాడు బావి త్రవ్వుకొనును.

ఆయన చేయలేని పనులను దాచరాదు. పూర్వము శిస్తు వసూలులో మధ్యవర్తులైన దేశముఖులను, దేశపాండ్యాలను తొలగించినప్పుడు వారికి ఏటేటా రుసుము అను నగదు భరణము ఏర్పరచెను. వారి పని పోయినది, పలుకుబడి పోలేదు. కొలత, బందోబస్తు జరిగిన కాలమున మంచి భూములను తమ పేర పట్టా చేయించుకొన్న దేశముఖులు పెక్కురు. అక్షరము తెలిసినవానికే కాగితము పలికినది. 1946 నుండి 1951 వరకు తెలంగాణమున జరిగిన రైతుల సాయుధ పోరాటమునకు మూలములు వెదకిన చరిత్రకారులు ఈ పట్టాల వద్దకు రాక తప్పలేదు. ఇక జాగీరులు, నైజాము సొంతమైన సర్ఫెఖాస్ భూములు ఆయన సంస్కరణల గీతకు వెలుపలనే ఉండెను. 1948 నాటికి కూడ రాజ్యపు భూమిలో సుమారు 60 వంతులు మాత్రమే దివానీ. తక్కినది జాగీరు, సర్ఫెఖాస్. తానును జాగీర్దారుడే అయిన దివాను ఆ గోడను తాకలేదు. జాగీరులు 1949లో రద్దయ్యెను.

గోదావరి ఆవలి కథ మరియొకటి. సిర్పూరు తాండూరులో జనము తక్కువ, అడవి ఎక్కువ. గోండులు, కోలాములు ఒకచోట కొన్నేండ్లు దున్ని, నేల అలసినపుడు మరియొకచోటికి పోవుదురు. భూమికి హద్దు గీచి, ఒక పేర వ్రాసి, ఏటేటా రొక్కము కట్టుమను చట్టము అట్టి సేద్యమునకు సరిపడదు. బయటినుండి వచ్చి పట్టా అడిగినవానికి పట్టా దొరకెను. అడుగవలెనని తెలియని గోండు తన తాతల నేలపైననే కౌలుదారుడయ్యెను. ఇది సాలార్ జంగు కోరి చేసినది కాదు, ఆయన కాలముననే ముదిరినదియు కాదు. పిమ్మటి దశాబ్దములలో పట్టాలు, అడవి కట్టుబాట్లు, పశువుల మేతపై పన్నులు కలసి 1940లో జోడేఘాటున కొమురం భీము ప్రాణము తీసిన ఘర్షణ వరకు వచ్చెను. ఎలగందుల చెరువు రైతుకు మేలైన ఏర్పాటు ఆసిఫాబాదు అడవిలో కీడు కాగలదని లెక్కపుస్తకమున మాత్రమే దేశమును చూచినవానికి తోచుట కష్టము.

మిగిలిన సొమ్మును ఆయన దేనికి ఖర్చు పెట్టెను? 1850ల దశకముననే దారుల్ ఉలూం విద్యాలయమును స్థాపించెను. 1860ల దశకమున మరామత్తు శాఖ, తపాలా వచ్చెను. 1869లో అఫ్జలుద్దౌలా మరణించి, మూడేండ్లు నిండని మహబూబ్ అలీఖాను నైజాము కాగా, శంసుల్ ఉమరాతో కూడి సాలార్ జంగు రాజప్రతినిధి అయ్యెను. చేతులు కొంత విడివడెను. అయినను పెద్ద ఖర్చు ఆయన కోరిన చోటికి పోలేదు. 1870 ఒడంబడికను అనుసరించి వాడి నుండి సికింద్రాబాదు వరకు నైజాము సొమ్ముతో రైలుదారి వేసి 1874లో నడిపిరి. సికింద్రాబాదు దండుకు అది ముఖ్యావసరము. ఆదాయము చాలక వడ్డీ బరువు ఖజానాపై పడెను. మన సీమకు ఆ రైలు ఏమియు చేయలేదు. ఎలగందుల ధాన్యము, చెన్నూరు మహదేవపురముల దసలి పట్టు లంబాడీల ఎద్దులమీదను బండ్లమీదను పోవుచునే ఉండెను. కాజీపేట నుండి పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరుల మీదుగా బల్హార్షా వరకు రైలు పూర్తియగుటకు 1929 వరకు ఆగవలసి వచ్చెను. రైలు వచ్చిన పిమ్మట ఆ దారి వెంట బొగ్గుగనులు, కాగితపు మిల్లు లేచిన వేగమును చూచినచో, అరువదేండ్లు అది రాకపోవుటచే ఏమి పోయినదో ఊహింపవచ్చును.

ఆయన మనస్సు మాత్రము బేరారు మీదనే ఉండెను. కంటింజెంటు జీతములకు చాలునంత సొమ్మును మూలధనముగా నిలిపెదము, బేరారును తిరిగి ఇండని మాటిమాటికిని విన్నపములు పంపెను. పొదుపుతో సంపాదించిన పరపతిని ఆ ఒక్క పనికై వెచ్చించెను. 1876లో ఇంగ్లండు ప్రయాణము చేసినప్పుడును మనస్సులోని కోరిక అదియే. దారిలో పారిస్ నగరమున మెట్లపై జారి తొడఎముక విరిగెను. కుంటుచునే ఇంగ్లండు పోయెను. విక్టోరియా రాణి దర్శనము, ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయపు డాక్టరు బిరుదము, విందులు లభించినవి; బేరారు లభింపలేదు. తిరిగి వచ్చునప్పటికి దక్కనున 1876–78 నాటి గొప్ప కఱవు ఆరంభమగుచుండెను. కృష్ణాతుంగభద్రల వైపు జిల్లాలు ఎక్కువగా మాడినవి. శిస్తు నిలుపుదల చేసి, మరామత్తు పనులు పెట్టి కూలి ఇప్పించుటకు అప్పుడు ఖజానా ఉండెను, జిల్లా ఉండెను, పంపుటకు అధికారి ఉండెను. 1853లో ఆ మూడును లేవు.

1883 ఫిబ్రవరి 8వ తేదీన కలరా సోకి ఒక్కనాటిలోనే ఆయన కన్నుమూసెను. వయస్సు 54 సంవత్సరములు. దాయిరా మీర్ మోమిన్ స్మశానమున పూర్వుల చెంత సమాధి చేసిరి. ఆ మరుసటి యేడు మహబూబ్ అలీఖానుకు పాలనాధికారము వచ్చెను, సాలార్ జంగు కుమారుడు లాయఖ్ అలీఖాను దివాను అయ్యెను. బేరారు 1902లో ఏటికి 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతముగా ఇంగ్లీషువారికి పోయెను. పటేలు పట్వారీల వ్యవస్థ శతాబ్దమునకు పైగా నిలిచి 1984లో రద్దయినది. దాని స్థానమున వచ్చిన గ్రామ రెవిన్యూ అధికారుల పదవియు తెలంగాణమున 2020లో పోయినది. గిర్దావరు అను మాట మాత్రము మా కరీంనగరపు పల్లెలలో ఇంకను వినబడుచున్నది.